రిటైరయ్యాక ఏ ఊరు? అరకు, కోనసీమ, మదనపల్లె, వికారాబాద్‌లలో ఎవరికి ఏది కుదురుతుంది

మా ఆయనకి కోనసీమ కావాలి, నాకు కొండ కావాలి. పెళ్ళయినప్పటి నుంచి హైదరాబాద్‌లోనే ఉన్నాం, రిటైరయ్యాక పొద్దున్నే చెప్పులేసుకుని గడప దాటితే చెట్లు కనపడాలన్న కోరిక ఇద్దరిదీ ఒకటే, ఎక్కడ అన్న దగ్గరే పేచీ. అందుకని ఒక పని చేశాం. ఎక్కడా ఏమీ కొనకుండా, 2022 జూన్ నుంచి ఏడాదిన్నర పాటు నాలుగు చోట్ల ఉండి చూశాం, ఒక్కోచోట కొన్ని నెలలు. టూరిస్టుల్లా కాదు, గ్యాస్ సిలిండర్ తెచ్చుకుని, పాలవాడిని మాట్లాడుకుని, పనమ్మాయిని వెతుక్కుని ఉన్నాం. ఆ తర్వాత మా స్నేహితుల్లో రిటైరయ్యే ప్రతివాళ్ళూ ఫోన్ చేసి అడుగుతుంటే, చెప్పిందే చెప్పడం కన్నా ఒకసారి వివరంగా రాసిపెడదామనిపించింది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ఆసుపత్రి. దగ్గర్లో ఉందా లేదా అని కాదు, రాత్రి రెండింటికి గుండెలో నొప్పి వస్తే గుండె డాక్టరున్న చోటికి ఎన్ని నిమిషాల్లో చేరతాం అని. గుండెపోటులో మొదటి గంట ఎంత ముఖ్యమో స్టెంట్ వేయించుకున్న ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టులో కోనసీమలో ఉన్నప్పుడు మా ఆయనకి అలాగే నొప్పి వచ్చింది. జోరు వాన. పక్కింటివాళ్ళు కారు తీశారు. దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి వెళితే ఆ టైములో ఈసీజీ తీసేవాళ్ళు లేరు, అక్కణ్ణించి పెద్దాసుపత్రికి చేరేసరికి మొత్తం గంటా నలభై నిమిషాలు. చివరికి గ్యాస్ నొప్పి అని తేలింది కానీ, ఆ గంటా నలభై నిమిషాలు నేను మర్చిపోలేదు.

రెండోది, కారు ఎవరు నడుపుతారు? చాలా ఇళ్ళల్లో మగవాళ్ళే నడుపుతారు, పడిపోయేది ఆయనే అయితే స్టీరింగ్ పట్టేదెవరు? నేను యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, మా కాలనీలో అందరూ ఈ వయసులో ఎందుకన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో మేము చేసిన మంచి పని అదే. పల్లెకి వెళ్ళాలనుకుంటున్న ఆడవాళ్ళు ఇంటి ప్లాను గీయించే ముందు డ్రైవింగ్ స్కూల్లో చేరండి.

మూడోది చెప్పడానికి కష్టమైనది. ఇద్దరిలో ఒకరే మిగిలితే, ఆ మిగిలినవాళ్ళు ఆ ఇంట్లో ఉండగలరా? ఊరి చివర అరెకరం మధ్యలో కట్టుకున్న ఇల్లు ఇద్దరున్నప్పుడు స్వర్గమే, ఒక్కరికి భయం. ఈ మాట మాట్లాడుకోకుండా చాలామంది భూమి కొంటున్నారు.

ఇక మిగతావి: ఆ భూమి అసలు మనం కొనడానికి చట్టం ఒప్పుకుంటుందా, ఆ ఊరి పాడు కాలం ఎలా ఉంటుంది, పిల్లలు రావడానికి రైలో విమానమో ఉందా. సరదాల సంగతి కూడా చెప్పాలి. నెలకోసారి చేసే ట్రెక్కింగ్ కన్నా రోజూ చేయగలిగే నడక విలువ ఎక్కువ. అరవైలో ఎక్కిన కొండ డెబ్బై అయిదులో ఎక్కలేం. అప్పుడేం చేస్తామో ఇప్పుడే అనుకోవాలి.

ఒక్క చూపులో

| | అరకు | కోనసీమ | మదనపల్లె–హార్స్‌లీ హిల్స్ | వికారాబాద్–అనంతగిరి |
|---|---|---|---|---|
| భూమి కొనడం | గిరిజనేతరులకి కుదరదు | కొనొచ్చు, ఖరీదెక్కువ | కొనొచ్చు, కాగితాలు జాగ్రత్త | కొనొచ్చు, ఫామ్ ప్లాట్లతో జాగ్రత్త |
| పెద్ద వైద్యం | విశాఖ, ఘాట్ రోడ్డు మీదుగా | రాజమండ్రి, కాకినాడ | తిరుపతి, బెంగళూరు | హైదరాబాద్ |
| పాడు కాలం | వానలు, పొగమంచు | వరదలు, తుఫాన్లు, ఉక్క | వేసవిలో నీళ్ళ కరువు | ఏప్రిల్, మే ఎండలు; వీకెండ్ రద్దీ |
| రోజూ చేయగలిగేది | లోయలో నడక | కాలవగట్టు నడక, సైకిల్ | నడక, పక్షులు, చిన్న గుట్టలు | అడవి నడక |
| మోకాళ్ళకి | కష్టం | చాలా సుఖం | ఫర్వాలేదు | ఫర్వాలేదు |

అరకు: ప్రేమించండి, కొనకండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడున్నాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, పొద్దున్నే లోయంతా మంచు, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. వారపు సంతకి కొండల మీంచి దిగివచ్చే జనం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో సొరంగాలే 58 ఉంటాయి, ఆ రైల్లో పదిసార్లు వెళ్ళినా కిటికీ పక్కన సీటు కోసం పోట్లాడుకునేవాళ్ళం. నా మనసు ఇప్పటికీ అక్కడే ఉంది.

కానీ అక్కడ స్థిరపడటం గురించి సూటిగా చెప్పాలి. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకి రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన చోటు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనని 1970లో సవరించారు, జనం నోట్లో అది వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనులకి తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. గిరిజనేతరుడి దగ్గర్నుంచి మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. "నోటరీ అగ్రిమెంట్ చేయిద్దాం మేడమ్", "లోకల్ పేరు మీద పెడదాం, మీరేం టెన్షన్ పడకండి" అని మాకూ చెప్పారు. అలా పెట్టిన డబ్బుకి ఏ కోర్టులోనూ దిక్కుండదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆ చట్టం ఉండబట్టే ఆ లోయ ఇంకా అక్కడి మనుషుల చేతిలో ఉంది. మన విశ్రాంతి కోసం దాన్ని దొంగదారిన దాటడం తప్పు అని నేను నమ్ముతాను. లంబసింగి, మారేడుమిల్లి, తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీల్లో కూడా ఇదే కథ, కాబట్టి అక్కడ ఎవరైనా సైటు చూపిస్తే మొదట అడగాల్సింది ధర కాదు, అది షెడ్యూల్డ్ గ్రామమా కాదా అని.

విశాఖ 115 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే, వానాకాలంలో ఘాట్ మీద కొండచరియలు విరిగిపడితే ఎన్ని గంటలో చెప్పలేం. మలేరియా ఉన్న ప్రాంతం. మేమున్న చోట సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సొచ్చేది. గుండె, మూత్రపిండాల సమస్యలున్నవాళ్ళు అక్కడ నెలల తరబడి ఉండొద్దని నా సలహా. ఆరోగ్యం బాగున్నవాళ్ళు మాత్రం ఏటా చలికాలంలో నెలో, నెలన్నరో టూరిజం వాళ్ళ గదుల్లోనో గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేల్లోనో ఉండి రండి. ఆ డబ్బు అక్కడివాళ్ళకే చేరుతుంది, మీకు ఆస్తి గొడవ ఉండదు.

కోనసీమ: మోకాళ్ళకి స్వర్గం, జూలైలో పరీక్ష

మా ఆయన పుట్టింది రాజోలు వైపు. ఆయన కళ్ళతో చూస్తే ఇక పోలికే అక్కర్లేదు. నిజంగానే అక్కడ కొన్ని సుఖాలు ఇంకెక్కడా దొరకవు. నేల చదరంగా ఉంటుంది, కాలవగట్టు మీద కొబ్బరిచెట్ల నీడలో అయిదు కిలోమీటర్లు నడిచినా మోకాలికి తెలియదు, డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన సైకిల్ తొక్కుకుంటూ మార్కెట్‌కి వెళ్ళడం అక్కడ రోజూ చూశాను. కొండల గురించి కలలు కనేవాళ్ళు ఈ ఒక్క సంగతి మర్చిపోతారు, వయసు పెరిగేకొద్దీ చదునైన నేలే మన స్నేహితుడు. గాలం వేయాలంటే కాలవ ఉంది, పడవ ఎక్కాలంటే దిండి ఉంది, సముద్రం చూడాలంటే అంతర్వేది, కాకినాడ దాకా వెళితే కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద నడక. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశాక, ఊరంటే ఏమిటో నాకు ఆ వయసులో కొత్తగా అర్థమైంది.

మనుషుల సంగతి కూడా. మొదటి వారంలోనే "ఏవండీ, కూరలేం తెచ్చుకున్నారండీ, మా పెరట్లో ఆనపకాయలున్నాయండీ, ఆయ్" అంటూ వచ్చేశారు. ఒంటరిగా మిగిలితే ఎలా అన్న ప్రశ్నకి ఈ నాలుగు చోట్లలో మంచి జవాబు ఇక్కడే ఉంది. ఆ రాత్రి కారు తీసిందీ వాళ్ళే కదా. అయితే ఏకాంతం కోరుకునేవాళ్ళకి ఇదే ఇబ్బంది, తలుపు వేసుకుని కూర్చుంటే ఒంట్లో బాలేదేమో అని నలుగురొస్తారు.

ఇక రెండోవైపు. మేం చేరిన నెలకే, 2022 జూలైలో, గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. లంక గ్రామాలు మునిగాయి, పడవల మీద పాలు, మందులు తెచ్చారు. మేమున్న ఇల్లు ఏటిగట్టుకి ఇవతల ఉంది కాబట్టి బతికిపోయాం, కానీ రెండు రాత్రులు గట్టు మీద కాపలా తిరిగేవాళ్ళ టార్చిలైట్లు చూస్తూ కూర్చున్నాం. అక్కడ ఇల్లు చూసేటప్పుడు వాస్తు కన్నా ముందు అడగాల్సింది "గట్టుకి ఏ వైపు" అని. వరదలయ్యాక అక్టోబరు, నవంబరు తుఫాన్లు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి అక్కడ యాభై దాటిన ఎవరిని కదిపినా నిన్న జరిగినట్టు చెబుతారు. సముద్రానికి దగ్గర ఊళ్ళల్లో, చెరువుల సాగు ఎక్కువైన చోట బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొనేముందు నోట్లో పోసుకుని చూడండి. చమురు, గ్యాస్ పైపులైన్లు ఎటు వెళుతున్నాయో కూడా కనుక్కోండి, 2014 జూన్‌లో నగరం గ్రామంలో జరిగిన పేలుడు ఎవరూ మర్చిపోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ తేమ పడదు, నాకే రెండు నెలల్లో దగ్గు పట్టుకుంది. అమలాపురానికి రైలు లేదు, పిల్లలొస్తే రాజమండ్రిలో దిగి రోడ్డున రావాలి.

మదనపల్లె–హార్స్‌లీ హిల్స్: నేను ఊహించనిది

ఈ ఊరు మా జాబితాలోనే లేదు, ఒక బంధువు చెబితే 2023 మార్చిలో వెళ్ళాం, ఆగస్టు దాకా ఉండిపోయాం. ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే ఏప్రిల్ మధ్యాహ్నాలు మండినా రాత్రికి కిటికీ తెరిస్తే చల్లగాలి వస్తుంది. పొడి వాతావరణం. ఊరి పక్కన ఆరోగ్యవరంలో వందేళ్ళ క్రితమే క్షయ శానటోరియం కట్టారు, మందులు లేని రోజుల్లో డాక్టర్లు గాలిని నమ్మి ఎంచుకున్న చోటు అది. నా దగ్గు అక్కడ తగ్గింది.

హార్స్‌లీ హిల్స్ ముప్పై కిలోమీటర్లు, 1,200 మీటర్ల పైన. కొండ మీదే ఇల్లు అన్న ఆలోచన మానుకోండి, అక్కడ చాలావరకు అటవీ భూమి, ప్రభుత్వ అతిథి గృహాలు. కింద ఊళ్ళో ఉండి వారానికోసారి పొద్దున్నే వెళ్ళి, నీలగిరి చెట్ల కింద నడిచి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం సుఖం. పక్షులంటే ఇష్టమున్నవాళ్ళు బైనాక్యులర్ తీసుకెళ్ళండి, పసుపు గొంతు పిగిలిపిట్ట కొద్దిచోట్లే కనిపించే పక్షి, అక్కడి రాళ్ళ గుట్టల్లో ఉంటుంది. మా ఆయన అంతకు ముందు కాకికీ కోకిలకీ తేడా చూసేవారు కాదు, ఇప్పుడు నోట్‌బుక్ పెట్టుకుని రాస్తున్నారు. రిషి వ్యాలీ స్కూలు పక్కనే. చదివే అలవాటున్నవాళ్ళకి, నలుగురితో మాట్లాడే అలవాటున్నవాళ్ళకి ఈ ఊళ్ళో తోడు దొరుకుతుంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు, 1919లో టాగోర్ జనగణమనకి ఇంగ్లిష్ అనువాదం చేసిన బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీ ఉన్న ఊరు, ఆ వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

కష్టాలు రెండు. ఒకటి నీళ్ళు. ఆ పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి వెళ్ళినా పడని చోట్లున్నాయి. తోట పెట్టుకుందాం, మామిడి నాటుకుందాం అనేవాళ్ళు మే నెలలో పక్క పొలం రైతుతో మాట్లాడాకే అడ్వాన్సు ఇవ్వాలి, వానలు పడిన అక్టోబరులో బోరు చూసి మోసపోవద్దు. రెండోది భూమి కాగితాలు. డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పంచిన భూములు), చుక్కల భూములు (రికార్డులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలున్నవి), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), ఈ మాటలు అక్కడ టీకొట్టులో కూడా వినపడతాయి. 2024 జూలైలో సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్ళు కాలిపోయిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డులు, ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), సర్టిఫైడ్ కాపీలు, అన్నీ లాయరు చూశాకే ముందుకెళ్ళండి. లేదా ఊళ్ళోనే కట్టిన ఇల్లు చూసుకోండి.

వైద్యం మామూలువాటికి ఊళ్ళో సరిపోతుంది. పెద్దవాటికి తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, లేదా బెంగళూరు, రెండూ నూట ఇరవై కిలోమీటర్ల అటూ ఇటూ. రోడ్లు బాగున్నాయి, కానీ దూరం దూరమే. పిల్లలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే ఇంతకన్నా అనువైన చోటు లేదు, శుక్రవారం రాత్రి బయల్దేరి అన్నానికి వచ్చేస్తారు. అమెరికాలో ఉన్నా బెంగళూరులో దిగి నేరుగా వస్తారు.

వికారాబాద్–అనంతగిరి: హైదరాబాద్‌ని వదల్లేనివాళ్ళకి

హైదరాబాద్‌కి డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. డాక్టరు మారడు, బ్యాంకు మారదు, చుట్టాలు మారరు, మనవడి పుట్టినరోజుకి వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. వికారాబాద్ జంక్షన్ నుంచి రైళ్ళున్నాయి. కారులో వెళితే చేవెళ్ల మర్రిచెట్ల నీడన రోడ్డు అందమే కానీ, మేమున్నప్పుడు ఇరుకు, ట్రాఫిక్ ఎక్కువ, చీకట్లో నడపకపోవడం మంచిది. అనంతగిరిలో కూడా నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది, ఇక్కడి గాలికీ ఆ పేరుంది. అనంత పద్మనాభస్వామి గుడి చుట్టూ అడవిలో నడక, మేమున్నప్పుడు కోట్‌పల్లి చెరువులో కయాకింగ్, మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. సోమవారం నుంచి గురువారం దాకా ఎంత ప్రశాంతమో, శని, ఆదివారాలు అంత గోల. రిసార్టుల డీజేలు రాత్రి పదకొండు దాకా మోగేవి.

ఇక్కడ అసలు జాగ్రత్త ఫామ్ ప్లాట్ల విషయంలో. వ్యవసాయ భూమిని గుంటల్లెక్కన ముక్కలు చేసి, గేటు పెట్టి, నాలుగు ఎర్రచందనం మొక్కలు నాటి అమ్ముతున్నారు. లేఅవుట్ అనుమతి లేకపోతే రేపు ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు, కరెంటు మీటరుకి తిరగాలి, దారి ఎవరిదో తెలియదు. "అవిభాజ్య వాటా" (ఏ ముక్క ఎవరిదో తేల్చని ఉమ్మడి వాటా) అన్నమాట కాగితంలో కనపడితే అక్కడే ఆగండి. దామగుండం అడవిలో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, ఆ చుట్టుపక్కల చూసేవాళ్ళు ఎటు వెళ్ళనిస్తారో, ఎటు వెళ్ళనివ్వరో కనుక్కుని చూడాలి.

భీమిలి గురించి కూడా చాలామంది అడిగారు. సముద్రం పక్కన నడక, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, అరగంట, ముప్పావుగంటలో విశాఖ ఆసుపత్రులు, ఇవన్నీ నిజమే. కానీ అది ఇప్పుడు పల్లె కాదు, ధరలూ నగరం ధరలే, ఉప్పుగాలికి ఇంట్లో ఇనుమన్నది మిగలదు. సముద్రం లేకపోతే బతకలేనివాళ్ళకి మాత్రమే.

మీరు ఎవరైతే ఏది

గుండె జబ్బు, డయాలసిస్, క్యాన్సర్ ఫాలోఅప్ ఉన్నవాళ్ళు వికారాబాద్ చూడండి, అది కూడా ఊరికి దగ్గర్లో. ఉబ్బసం, ఆయాసం ఉన్నవాళ్ళకి మదనపల్లె. మోకాళ్ళ నొప్పులు, మనుషులు కావాలనుకునేవాళ్ళు, ఒంటరిగా ఉంటున్నవాళ్ళకి కోనసీమ, గట్టుకి ఇవతల, అమలాపురానికి దగ్గర. కోనసీమలో చుట్టాలెవరూ లేకపోయినా ఫర్వాలేదు, ఆర్నెల్లలో వరసలు కలిపేస్తారు. ఇంకా అరవై రాకుండా స్వచ్ఛందంగా రిటైరై, కొండలెక్కే ఓపికున్నవాళ్ళు మదనపల్లెలో ఉంటూ చలికాలం అరకు వెళ్ళండి. విదేశాల నుంచి తిరిగి వస్తున్నవాళ్ళు మాత్రం మొదటి ఏడాది ఎక్కడా కొనకండి, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఓసీఐ కార్డుతో (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) వ్యవసాయ భూమి కొనలేరు, ఇల్లు కొనొచ్చు. ఈ సంగతి తెలియక అడ్వాన్సులు ఇచ్చినవాళ్ళని చూశాను.

డెబ్బై దాటినవాళ్ళకి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల కవరేజీ ఉంది, ఆదాయంతో పనిలేదు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) ఉన్నవాళ్ళు రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. మీరు వెళ్ళబోయే ఊరికి దగ్గరగా జాబితాలో ఏ ఆసుపత్రి ఉందో చూసుకోండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీ దాకా వెళ్ళాల్సిన పని లేదు, జీవన్ ప్రమాణ్ యాప్‌తో ఫోన్లోనే అయిపోతుంది.

ఎలా పరీక్షించాలి

అందరూ డిసెంబరులో చూసి మే నెలలో ఏడుస్తారు. కోనసీమని జూలైలో, మదనపల్లెని మే నెలలో, అరకుని సెప్టెంబరు వానల్లో, వికారాబాద్‌ని ఆదివారం చూడండి. కనీసం మూడు నెలలు అద్దెకుండండి, హైదరాబాద్ ఇల్లు అమ్మకండి, అద్దెకిచ్చి వెళ్ళండి. ఒక రాత్రి పదకొండింటికి ఊరికే కారు తీసి ఆసుపత్రి దాకా వెళ్ళి రండి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. భార్యాభర్తలిద్దరూ చెరొక వారం ఒంటరిగా ఆ ఇంట్లో ఉండండి. మా ఆయన్ని హైదరాబాద్ పంపి నేను మదనపల్లెలో వారం ఉన్నాను, రాత్రి పక్కవాటా వాళ్ళ టీవీ వినపడుతుంటే ధైర్యంగా ఉండేది. ఊరి బయట చూసిన తోట ఇల్లు ఆ వారంతోనే వద్దనుకున్నాను.

గుండె జబ్బు ఉన్నవాళ్ళకి నేనిచ్చిన సలహాకి ఎదురే అయినా, ఇప్పుడు మదనపల్లెలోనే ఉంటున్నాం, ఊళ్ళో, మెయిన్ రోడ్డుకి రెండు వీధుల అవతల. సంక్రాంతికి పదిహేను రోజులు రాజోలు వెళతాం, అది మా ఆయన పెట్టిన షరతు. ఆయనకి డెబ్బై దాటాక మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలని కూడా ఒప్పందం, అప్పటికి మోకాళ్ళు ఏమంటాయో చూసి కోనసీమకి మారిపోవచ్చు. అందుకే ఇల్లు కొనలేదు, మొన్ననే పదకొండు నెలల అగ్రిమెంట్ మళ్ళీ రాయించుకున్నాం.